తోట కుర్చీలకు జంగు: ఎనామెలా, పీయూనా, పౌడర్ కోటింగా?

వానలు వెనకపట్టగానే హైదరాబాద్ మిద్దెల మీద ఇనప కుర్చీల అసలు రూపం బయటపడుతుంది. కాళ్ల దగ్గర జంగు, సీటు కింద పొలుసులు, టైల్స్ మీద గుండ్రటి ఎర్ర మరకలు. ఇక "ఏ పెయింట్ వేస్తే మళ్లీ రాదు?" అని వెతుకులాట మొదలవుతుంది. మళ్లీ ఎప్పటికీ రాకుండా చేసే పెయింట్ ఏదీ లేదు. రెండేళ్లు ఆపేది ఒకటి, ఏడెనిమిదేళ్లు ఆపేది ఇంకొకటి. ఆ తేడాలో డబ్బా మీది పేరు కంటే ఆ కుర్చీ దేనితో చేశారు, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి అన్నదే ఎక్కువ. అందుకని రంగుల కార్డు చూసే ముందు కుర్చీని తలకిందులు చేయండి.

తిరగేస్తే కనిపించేవి

కాలి చివరి ప్లాస్టిక్ బుష్ లాగేయండి. లోపలినుంచి గోధుమరంగు నీళ్లో, పొడో రాలితే తుప్పు పైపు లోపల ఉందన్నమాట. చాలా కుర్చీల్లో ఈ బుష్షే అసలు దోషి. నేలకు గీతలు పడకుండా పెట్టింది కాస్తా చిన్న గిన్నెలా నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది. వాన ఆగిన వారం తర్వాత కూడా ఆ కాలి చివర తడిగానే ఉంటుంది. పైన ఏ పెయింట్ వేసినా లోపలినుంచి తినేదాన్ని అది ఆపలేదు.

తర్వాత చిన్న సుత్తితో పైపు పొడవునా తట్టుకుంటూ రండి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, తిన్నచోట మొద్దు చప్పుడు వస్తుంది. అనుమానమున్న చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. దిగిపోయిందా, ఆ ముక్క కోసి కొత్తది వెల్డింగ్ చేయించాల్సిందే. చవక కుర్చీల్లో వాడే 20 గేజ్ పైపు మందం 0.9 మిల్లీమీటర్లే. 16 గేజ్ అయితే 1.6. సన్న పైపు మూడు నాలుగు చోట్ల దిగబడితే దాన్ని పాత ఇనుము బండికి వేయడమే లాభం. దానికి పౌడర్ కోటింగ్ చేయించడం దండగ.

మూడోది అయస్కాంతం. ఫ్రిజ్ మీద అతికించేది చాలు. అంటుకోకపోతే అది అల్యూమినియం కావచ్చు, స్టెయిన్‌లెస్ స్టీల్ కావచ్చు. వాటికి ఎర్ర తుప్పు రక్షణ అక్కర్లేదు, ఈ వ్యాసంలోని సగం పని తప్పుతుంది. అంటుకుని, గీసినచోట వెండి బూడిదరంగు పొర కనిపిస్తే అది జీఐ పైపు, అంటే మీద జింకు పూత ఉంది. దీని మీద మామూలు ఎనామెల్ నేరుగా వేస్తే ఏడాది తిరిగేలోపు రేకులు రేకులుగా లేచిపోతుంది. ఎనామెల్‌లోని నూనె జింకుతో కలిసి సబ్బు లాంటి పొరగా మారుతుంది, ఆ పొర మీద పెయింట్ నిలవదు. జీఐకి ఎచ్ ప్రైమర్ (జింకును కాస్త కొరికి పట్టుకునే తొలి పూత) గానీ ఎపాక్సీ ప్రైమర్ గానీ తప్పనిసరి. "మంచి పెయింటే వేశాం సార్, అయినా ఊడింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

మన ఊళ్లో ఇనుముకు శత్రువులెవరు?

విశాఖలాగా ఉప్పుగాలి మనకు లేదు. అది పెద్ద అదృష్టం. సముద్రతీరంలో పనికిరాని పెయింట్ పద్ధతులు ఇక్కడ హాయిగా నడుస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ ఎక్కువ, మిగతా ఏడాదంతా దాదాపు పొడి. అందుకే వైజాగ్ చుట్టాలు చెప్పిన సలహా ఇక్కడ యథాతథంగా పాటించాల్సిన పని లేదు.

మన శత్రువులు వేరే. మొదటిది మే నెల ఎండ. పెయింట్‌లోని బంక ఎండకు పాడై, మెరుపు పోయి, చేత్తో రుద్దితే పిండిలా అంటుకుంటుంది. సన్నని పగుళ్లు అప్పుడే పడతాయి, జూన్ వాన ఆ పగుళ్లలోకి దిగుతుంది. రెండోది బోరు నీళ్లు. మొక్కలకు పట్టే పైపు కుర్చీల మీద చిమ్మితే తెల్లటి ఉప్పు మిగులుతుంది, అది గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది. మూడోది కుండీల కిందనుంచి కారే ఎరువు నీళ్లు. పొటాష్ ఎరువు అంటే ఎక్కువగా పొటాషియం క్లోరైడే. అందులోని క్లోరైడ్ ఇనుముకు సముద్రపు ఉప్పుతో సమానం. కుండీలను ఇనప స్టాండు మీద, బెంచీ మీద పెట్టే ఇళ్లలో తుప్పు సరిగ్గా కుండీ అడుగున గుండ్రంగా మొదలవడానికి కారణం ఇదే.

పావురాల సంగతి చెప్పనక్కర్లేదు. వాటి రెట్ట రెండు మూడు రోజులు ఉండిపోతే ఎనామెల్ మీద మచ్చ పడుతుంది, కింద మెత్తబడుతుంది. ఇక అన్నిటికంటే చెడ్డది మనమే చేసే పని: టైల్స్ కడగడానికి పోసే బాత్రూం ఆసిడ్. అది హైడ్రోక్లోరిక్ ఆసిడ్. కుర్చీ కాళ్లకు చిందినా, దాని ఆవిరి తగిలినా వారంలో జంగు వస్తుంది. ఆసిడ్ పోసే రోజు కుర్చీలు పక్కకు జరపండి, తర్వాత బాగా నీళ్లు పోయండి.

ఎనామెల్: చవక, తేలిక, మళ్లీ మళ్లీ చేయాలి

మనలో ఎక్కువమందికి తెలిసింది రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక కోటు, దాని మీద సింథటిక్ ఎనామెల్ రెండు కోట్లు. ఆసియన్ పెయింట్స్ అప్కోలైట్, బెర్జర్ లక్సల్ లాంటివి ఈ రకం. కోటుకు ఎండాక 20–25 మైక్రాన్ల మందం వస్తుంది. అంటే మూడు కోట్లు కలిపినా 60–75 మైక్రాన్లు, మన తల వెంట్రుక మందం అటూ ఇటూ. నేరుగా ఎండా వానా పడే టెర్రస్ మీద రెండు మూడేళ్లు, పైకప్పు ఉన్న బాల్కనీలో ఐదేళ్ల దాకా లాగుతుంది.

దీనికున్న గొప్ప గుణం ఒకటి: ఎక్కడ చెడితే అక్కడే బాగుచేయవచ్చు. గీత పడిందా, ఆ చోట రుద్ది, ప్రైమర్ చుక్క పెట్టి, బ్రష్‌తో రెండుసార్లు దిద్దితే సరి. పౌడర్ కోటింగ్‌కు ఆ సౌకర్యం లేదు.

రెడ్ ఆక్సైడ్ గురించి మాత్రం ఒక భ్రమ ఉంది. ఎర్రగా పూసేశాం కాబట్టి ఇక తుప్పు రాదనుకుని వెల్డింగ్ షాపు నుంచి తెచ్చిన బెంచీని అలాగే ఆరునెలలు బయట పెట్టేస్తారు. ఆ ప్రైమర్‌కు సన్నని రంధ్రాలుంటాయి, నీళ్లు లోపలికి పోతాయి. పైన ఎనామెల్ పడకపోతే అది కొన్ని వారాల రక్షణ మాత్రమే. అదనంగా కొంచెం ఖర్చు పెట్టగలిగితే జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ తీసుకోండి. ఇది ఇనుము మీద తుప్పును కాస్త అడ్డుకుంటుంది కూడా. పసుపురంగు జింక్ క్రోమేట్ పనితనం బాగానే ఉంటుంది గానీ అందులోని క్రోమియం క్యాన్సర్ కారకం. ఇంట్లో పిల్లలు తిరిగే చోట, తర్వాత ఎప్పుడో మళ్లీ రుద్దాల్సిన వస్తువు మీద అది వద్దు.

రుద్దడం అంటే గుర్తొచ్చింది. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నియమం 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకుముందు పెయింట్ వేసిన తాతల నాటి ఉయ్యాల, గేటు, బెంచీ ఏదైనా పొడిగా గ్రైండర్‌తో రుద్దకండి. తడిపి ఎమరీతో రుద్దండి, ఆ బురదను గుడ్డతో తుడిచి కవర్లో కట్టేయండి, మొక్కల మట్టిలోకి పోనీయకండి.

ఎపాక్సీ మీద పీయూ: టెర్రస్‌కు సరైన జోడీ

పీయూ అంటే పాలీయురెథేన్. ఎపాక్సీ, పీయూ రెండూ రెండు డబ్బాల పెయింట్లు. ఒకదాంట్లో బేస్, ఒకదాంట్లో హార్డెనర్. కలిపిన దగ్గరనుంచి గడియారం తిరుగుతుంది. 30 డిగ్రీల్లో నాలుగైదు గంటలు పనికొస్తుంది, ఏప్రిల్ మధ్యాహ్నం అయితే ఇంకా తక్కువ, ఆ తర్వాత డబ్బాలోనే గట్టిపడిపోతుంది. అందుకే ఎంత అవసరమో అంతే కలపాలి. నిష్పత్తి డబ్బా మీద రాసి ఉంటుంది, 4:1 అంటే 4:1. "కొంచెం ఎక్కువ హార్డెనర్ వేస్తే తొందరగా ఆరుతుంది" అనే పెయింటర్ మాట వినకండి. ఎక్కువైతే పెళుసవుతుంది, తక్కువైతే ఎప్పటికీ జిగటగానే ఉంటుంది.

ఎపాక్సీ ఇనుమును బాగా పట్టుకుంటుంది గానీ ఎండకు ఓర్వదు, కొన్ని నెలల్లో పిండి రాలుతుంది. పీయూ ఎండకు నిలుస్తుంది, మెరుపు పోదు. అందుకే కింద ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, పైన పీయూ. రెండూ కలిపి 90–120 మైక్రాన్లు వస్తే ఐదారేళ్లు నిశ్చింత. ప్రైమర్ వేశాక డబ్బా మీద చెప్పిన గడువులోగా పీయూ వేయాలి. వారం ఆగితే ఎపాక్సీ గాజులా బిగుసుకుపోతుంది, 320 నంబర్ ఎమరీతో మళ్లీ గరుకు చేయకుండా వేస్తే పై పొర ఊడుతుంది.

రెండు జాగ్రత్తలు. పాత ఎనామెల్ మీద నేరుగా ఈ జోడీ వేయకండి. దీని థిన్నర్ చాలా ఘాటైనది, కింది ఎనామెల్ ముడతలు పడి వంకాయ తోలులా లేస్తుంది. పాతదంతా తీసి వేయడమే దారి. రెండోది ఊపిరి. పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, స్ప్రే చేస్తే ఊపిరితిత్తులకు చేటు. గుడ్డ మాస్క్, సర్జికల్ మాస్క్ దీన్ని ఆపవు. కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. బాల్కనీలో స్ప్రే చేయించి పక్క ఫ్లాట్ వాళ్లకు ఇబ్బంది కలిగించే బదులు, కారు పెయింట్ షెడ్డుకు తీసుకెళ్లడం మేలు. బ్రష్‌తో వేసే రకాలూ ఉన్నాయి, నున్నదనం తగ్గుతుంది, రక్షణ తగ్గదు.

జింక్ రిచ్ ఎపాక్సీ అని ఇంకొకటి అమ్ముతారు. పేరు గొప్పగా ఉంటుంది. కానీ అందులోని జింకు పొడి నేరుగా పూర్తిగా శుభ్రమైన వట్టి ఇనుమును తాకితేనే పని చేస్తుంది. శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి తుప్పు తీయడం) చేసిన వస్తువుకు అది సరే, వైర్ బ్రష్‌తో రుద్దినదానికి డబ్బు వృథా.

పౌడర్ కోటింగ్: చేసేవాడి చేతిలో ఉంది అంతా

పొడి పెయింట్‌ను కరెంటు ఛార్జ్‌తో చల్లి, 180–200 డిగ్రీల ఓవెన్‌లో పది పదిహేను నిమిషాలు కరిగించి గట్టిపరుస్తారు. 60–80 మైక్రాన్ల ఒకే పొర, ఎక్కడా బ్రష్ గీతలుండవు. బాగా చేస్తే ఏడెనిమిదేళ్లు. బాగా చేయకపోతే మొదటి వానాకాలానికే బుడగలు.

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కాటేదాన్ పారిశ్రామికవాడల్లో ఈ యూనిట్లు ఉన్నాయి. వాళ్ల పని ఎక్కువగా కిటికీ ఫ్రేములు, ప్యానెల్ బోర్డులు. నాలుగు కుర్చీల కోసం మీరు కోరిన రంగు కలపరు. ఆ రోజు నడుస్తున్న రంగే వస్తుంది. రాల్ అనే రంగుల నంబర్లలో 9005 నలుపు, 8017 చాక్లెట్, 7016 ముదురు బూడిద లాంటివి తరచుగా నడుస్తాయి కాబట్టి వాటిలో ఒకటి ఒప్పుకుంటే పని తొందరగా అవుతుంది.

అక్కడ అడగాల్సిన ప్రశ్నలు ఇవి. "పౌడర్ ప్యూర్ పాలిస్టరా, ఎపాక్సీ మిక్సా?" ఇంట్లో వాడే వస్తువులకు మిక్స్ రకం వేస్తారు, చవక. బయట పెడితే ఏడాదిలో తెల్లబారుతుంది. మనకు ప్యూర్ పాలిస్టర్ కావాలి, బిల్లు మీద ఆ మాట రాయించుకోండి. "తుప్పు ఎలా తీస్తారు?" ఆసిడ్ ట్యాంకులో ముంచి, కడిగి, ఫాస్ఫేట్ పూత పట్టిస్తే మంచి పద్ధతే. అయితే పైపు కుర్చీల్లో ఆసిడ్ లోపలికి పోయి బయటకు రాకపోతే, ఓవెన్ వేడికి వెల్డింగ్ సందుల్లోంచి ఉడికి బయటికొచ్చి పొర మీద మరకలు పెడుతుంది, తర్వాత లోపలినుంచి తింటూనే ఉంటుంది. కాబట్టి ట్యాంకు అయితే ప్రతి పైపు కింది చివర 6–8 మిల్లీమీటర్ల రంధ్రం ఉండాలి, లేదంటే శాండ్ బ్లాస్టింగ్ చేయించండి. మళ్లీ 1 మిల్లీమీటరు లోపు రేకుతో చేసిన టేబుల్ పైభాగానికి గట్టిగా బ్లాస్టింగ్ చేస్తే వంగిపోతుంది. దానికి ట్యాంకే నయం.

"వెల్డింగ్ గుంటల్లో పుట్టీ పెట్టారా?" ఇది మీ వెల్డర్‌ను అడగాల్సింది. కారుకు వాడే మామూలు పుట్టీ ఓవెన్ వేడికి ఉబ్బి పగులుతుంది. పౌడర్‌కు ఇచ్చే వస్తువులో గుంటలు వెల్డింగ్‌తోనే నింపి గ్రైండ్ చేయించాలి. ప్లాస్టిక్ బుష్‌లు, నైలాన్ వాషర్లు, సీటు అల్లిక అన్నీ ముందే తీసేయండి. మరచిపోతే ఓవెన్ లోనే కరిగి కారతాయి.

తీగలు, పూలు, చుట్టలతో పోత ఇనుములో చేసిన పాతకాలపు బెంచీలకు పౌడర్ వేస్తే ఒక చిక్కుంది. కరెంటు ఛార్జ్ ఉన్న పొడి బయటి అంచులకే పరుగెడుతుంది, లోపలి మూలల్లోకి పోదు. పైకి ఒత్తుగా, మూలల్లో పల్చగా పడుతుంది. తుప్పు అక్కడే మొదలవుతుంది. పైగా పోత ఇనుము రంధ్రాల్లోని గాలి వేడికి బయటికొచ్చి పొర మీద సూది గుచ్చిన చుక్కలు పడతాయి. ఖాళీ ముక్కనే ముందు ఒకసారి ఓవెన్‌లో వేడి చేసి, తర్వాత పౌడర్ వేసే షాపు అయితేనే ఇవ్వండి. లేదంటే అలాంటి బెంచీకి ఎపాక్సీ, పీయూ బ్రష్‌తో వేయడమే నా మాట.

తీసుకునేటప్పుడు చూడాల్సినవి: ఓవెన్‌లో వేలాడదీసిన కొక్కెం తాలూకు ఖాళీ చుక్కలు. అవి వట్టి ఇనుమే. అక్కడ ఎనామెల్ దిద్దించండి. తర్వాత ఎవరికీ కనిపించని అడుగు భాగంలో థిన్నర్ తడిపిన తెల్ల గుడ్డతో ఇరవైసార్లు రుద్దండి. మెరుపు కొంచెం తగ్గితే ఫరవాలేదు. రంగు గుడ్డకు చిక్కగా అంటితే పొర సరిగ్గా ఉడకలేదన్నమాట, వెనక్కి ఇచ్చేయండి.

పౌడర్ పొర బలం ఎంతో బలహీనతా అంతే. గీత పడి ఇనుము దాకా దిగితే తుప్పు ఆ పొర కింద పాకుతూ పోతుంది, చివరకు పొర అరటి తొక్కలా ఒక్క పట్టున ఊడుతుంది. తుప్పు తను తిన్న ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కిందనుంచి నెట్టుకుంటూ వస్తుంది. కుర్చీలను టైల్స్ మీద లాగే ఇల్లు, ఒకదాని మీద ఒకటి పేర్చే ఇల్లు అయితే ఈ సంగతి ముందే లెక్కేసుకోండి.

మిగతావి క్లుప్తంగా

రస్ట్ కన్వర్టర్ అనే ద్రావణం తుప్పును నల్లటి గట్టి పొరగా మారుస్తుంది. రుద్దినా వదలని సన్నని తుప్పు గుంటల్లో మిగిలినప్పుడు ఇది పనికొస్తుంది. పొలుసుల మీద పోస్తే పై పొలుసు నల్లబడుతుంది, కిందది తింటూనే ఉంటుంది. మెరిసే వట్టి ఇనుము మీద దీనికి పని లేదు. ఇది పెయింట్ కూడా కాదు, పైన ప్రైమర్, ఎనామెల్ మామూలే. దీని బదులు బాత్రూం ఆసిడ్ వాడితే చవకే గానీ, క్లోరైడ్ గుంటల్లో ఉండిపోయి నాలుగు రోజుల్లో మళ్లీ ఎర్రబడుతుంది.

డ్యూకో స్ప్రే (త్వరగా ఆరే లాకర్ పెయింట్) ఇంటి లోపలి అలమరాలకు. బయట ఎండకు పగులుతుంది. స్ప్రే డబ్బాలు దిద్దుబాటుకు బాగుంటాయి. ఒక కుర్చీ మొత్తం వాటితో వేయాలంటే రెండు మూడు డబ్బాలు పడతాయి, పొర పల్చగా వస్తుంది, ఖర్చు ఎనామెల్ కంటే ఎక్కువ.

రుద్దడం: అసలు పని ఇక్కడే

ఎనామెల్ అయినా పీయూ అయినా మొత్తం సమయంలో మూడొంతుల్లో రెండొంతులు ఇక్కడే పోవాలి. రోజు కూలీకి వచ్చిన పెయింటర్ ఉదయం పది గంటలకే ప్రైమర్ డబ్బా తెరిచాడంటే పని చెడిందనే లెక్క.

ముందు సబ్బు నీళ్లతో జిడ్డు, ఎరువు ఉప్పు, పావురాల రెట్ట అన్నీ కడిగి ఆరబెట్టాలి. కడగకుండా రుద్దితే ఆ ఉప్పును ఇనుములోకే నూరినట్టు. తర్వాత గీకుడు పట్టీతో ఊడే పెయింట్ తీసి, వైర్ బ్రష్, సందుల్లోకి గ్రైండర్‌కు బిగించే తీగ కప్పు. కళ్లద్దాలు తప్పనిసరి, ఆ తీగలు తెగి సూదుల్లా ఎగురుతాయి. ఆపైన 80 నంబర్ ఎమరీ, తర్వాత 120. గట్టిగా పట్టుకున్న పాత పెయింట్‌ను మొత్తం తీయనక్కర్లేదు, దాని అంచు ఇనుముకు చేరేచోట మెట్టు లేకుండా వాలుగా రుద్దితే చాలు. గోటితో గీస్తే మెట్టు తగలకూడదు.

వెల్డింగ్ ముక్కముక్కలుగా వేసిన చోట్ల, అంటే రెండు పట్టీల మధ్య సన్నని సందు మిగిలిన చోట్ల, ఏ పెయింటూ లోపలికి పోదు. నీళ్లు మాత్రం పోతాయి. ప్రైమర్ ఆరాక ఆ సందును పీయూ సీలెంట్‌తో మూసేయండి. సిలికాన్ వద్దు, దాని మీద పెయింట్ అంటదు.

కాళ్ల కింద బుష్‌కు అడుగున 5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో ఒక రంధ్రం పెట్టండి. అడ్డంగా ఉండే పైపుల్లోనూ అత్యంత కింది చోట అలాగే. అన్నిటిలోకీ చవకైన పని ఇదే, ఎక్కువ ఆయుష్షు ఇచ్చేదీ ఇదే.

చివర తుడవడం. ఇక్కడ చాలామంది కిరోసిన్ గుడ్డ వాడతారు. కిరోసిన్ నూనె పొర వదిలిపోతుంది, దాని మీద ప్రైమర్ పట్టదు. ఎనామెల్‌లో కిరోసిన్ కలిపినా అంతే, ఆరడానికి రోజులు పట్టి జిగురుగా ఉండిపోతుంది. తుడవడానికీ కలపడానికీ మినరల్ టర్పెంటైనే వాడండి, బ్రష్‌తో వేసే ఎనామెల్‌లో కలిపేది పదో వంతుకు మించకుండా. పీయూకి మాత్రం దాని సొంత థిన్నర్.

రుద్దిన ఇనుమును ఆ రాత్రి అలా వదిలేయకూడదు. వానాకాలపు తేమలో తెల్లారేసరికి గోధుమరంగు పొగలా పట్టేస్తుంది. ఆ రోజు ఎన్ని కుర్చీలకు ప్రైమర్ వేయగలరో అన్నే రుద్దండి.

ఎంత సరుకు పడుతుంది?

ఒక అంగుళం గుండ్రటి పైపు మీటరు పొడవుకు సుమారు 0.85 చదరపు అడుగులు, చదరం పైపు అయితే 1.1. కుర్చీకి పన్నెండు మీటర్ల పైపు ఉంటే పది అడుగులు, జాలీ సీటు రెండు వైపులా కలిపి ఇంకో నాలుగైదు. నాలుగు కుర్చీలు, రెండున్నర అడుగుల గుండ్రటి టేబుల్ కలిపి 75 చదరపు అడుగులు అనుకోండి. డబ్బా మీద లీటరుకు ఎన్ని అడుగులు రాసినా, పైపు పనికి పావు వంతు నుంచి మూడో వంతు దాకా కిందే పోతుంది. ఆ లెక్కన ప్రైమర్ 1 లీటరు, ఎనామెల్ ఒకటిన్నర లీటర్లు, బ్రష్‌ల కడుగుడుతో సహా టర్పెంటైన్ 1 లీటరు, 80 నంబర్ ఎమరీ ఆరు, 120 నాలుగు, కోట్ల మధ్య తేలికగా రుద్దడానికి 320 నాలుగు. బ్రష్ ఒకటిన్నర అంగుళంది ఒకటి, మూలలకు అర అంగుళంది ఒకటి. పీయూ, ఎపాక్సీ సరుకు వీధి చివరి షాపులో దొరక్కపోతే రాణిగంజ్ వైపు వెళ్లండి.

వేసేటప్పుడు ముందు అంచులు, వెల్డింగ్ గీతలు, బోల్టు రంధ్రాలు చిన్న బ్రష్‌తో ఒకసారి పూసి, తర్వాత మొత్తం వేయాలి. తడి పెయింట్ పదునైన అంచు నుంచి వెనక్కి జారుతుంది, అందుకే తుప్పు ఎప్పుడూ అంచునే మొదలవుతుంది. కోటుకు కోటుకు మధ్య రాత్రంతా ఆగండి. ఒత్తుగా ఒకే కోటు వేస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉంటుంది, కుర్చీ మీద కూర్చున్నవాళ్ల చీర అచ్చు పడుతుంది. చివరి కోటు తర్వాత వారం దాకా కుషన్లు వేయకండి.

ఎవరికి ఏది?

బాల్కనీలో, పోర్టికోలో, పైన కప్పు ఉన్నచోట ఉన్న కుర్చీలకు జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, ఎనామెల్ చాలు. ఇంతకు మించి ఖర్చు పెట్టడం అనవసరం. అద్దె ఇంట్లో ఉండి రెండేళ్లకోసారి మారేవాళ్లకూ అంతే.

టెర్రస్ మీద నేరుగా ఎండా వానా పడే మందపాటి ఇనప సామాను, పోత ఇనుప బెంచీ, ఊడదీయలేని పెద్ద ఉయ్యాల స్టాండు: ఎపాక్సీ, పీయూ. సన్నని పైపులతో ఒకేలా ఉన్న ఆరు ఎనిమిది కుర్చీల సెట్టు, కాళ్లు గట్టిగా ఉన్నాయి, మోయడానికి ఆటో ట్రాలీ ఉంది: పౌడర్. రెండు కుర్చీలకే అయితే రవాణా, కనీస ఛార్జీ కలిసి కొత్త కుర్చీ ధరకు దగ్గరవుతుంది. జీఐ పైపు మీద బ్రష్ పెయింట్ ఏది వేసినా కింద ఎచ్ ప్రైమర్ గానీ ఎపాక్సీ ప్రైమర్ గానీ ఉండాల్సిందే. వెల్డర్ దగ్గర కొత్తగా చేయిస్తున్నట్టయితే బిందువు బిందువుగా కాక పూర్తి వెల్డింగ్ వేయమని, కింది రంధ్రాలు ముందే పెట్టమని చెప్పి, నేరుగా పౌడర్‌కు పంపండి. జంగు ఎక్కకముందే వేసిన పౌడర్‌ను మించింది లేదు.

ఉయ్యాల గొలుసుకు ఏ పెయింటూ వద్దు. లంకెలు రాసుకుని రెండు రోజుల్లో ఊడుతుంది, బట్టలకు అంటుతుంది. జీఐ గొలుసు మార్చి, కొక్కెం రాసుకునే చోట గ్రీజు పెట్టండి. కొక్కెం లోపలి వంపు అరిగి సన్నబడితే పెయింట్ గురించి ఆలోచించకండి, కొక్కెం మార్చండి. బరువు మోసేది అదే.

రంగు విషయంలో ఒక మాట. నలుపు అందంగా ఉంటుంది, మరకలు దాస్తుంది, మే నెలలో దాని మీద కూర్చోలేరు. టెర్రస్ సీటుకు లేత బూడిద, క్రీమ్ మేలు.

ఎప్పుడు వేయాలి, తర్వాత ఏం చూడాలి

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మన ఊళ్లో పెయింట్ కాలం. డిసెంబరు, జనవరిల్లో సాయంత్రం నాలుగు దాటాక చివరి కోటు వేయకండి. రాత్రి మంచు పడి మెరుపు పోయి పొగ పట్టినట్టవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వేయక తప్పకపోతే ఉదయం ఆరు నుంచి తొమ్మిది లోపు, నీడలో. అరచేయి ఆ ఇనుము మీద ఐదు సెకన్లు ఆనించలేకపోతే బ్రష్ పెట్టకండి. పెయింట్ పరుచుకోకముందే ఆరిపోయి గీతలు, బుడగలు మిగులుతాయి.

వానాకాలంలో కుర్చీలను నీలం పట్టాతో బిగించి కట్టడం మంచిదనుకుంటారు. లోపల ఆవిరి చెమటలా పట్టి పదిరోజులు తడిగానే ఉంటాయి. విప్పిపెట్టడమే నయం. లేదంటే పైన మాత్రం కప్పి పక్కలు గాలి ఆడేలా వదలండి. ఏటా మే చివరి వారంలో, తొలకరి పడకముందు అరగంట కేటాయించి బుష్‌లు తీసి చూడండి, రంధ్రాలు మూసుకుపోతే పుల్లతో తెరవండి, గీతలకు ప్రైమర్ చుక్క పెట్టండి. పౌడర్ కుర్చీలకు కారు మైనం రుద్దితే ఎండకు తెల్లబారడం ఆలస్యమవుతుంది. గీతలకు అదే రంగు ఎనామెల్ చిన్న డబ్బా కొని ఉంచుకోండి. మిగిలిన ఎనామెల్ డబ్బా మూత బిగించి తలకిందులుగా పెట్టండి. తోలు కట్టినా అది అడుగున పడుతుంది, వచ్చే మేలో మూత తీస్తే పెయింట్ పైనే దొరుకుతుంది.